సరి నడుము గౌను

మొన్న మా కోడలు తన పెళ్లిచీర ఎండలో వేద్దామని ఇనప్పెట్టె మూత ఎత్తింది. కలరా ఉండల వాసన గుప్పుమని కొట్టింది. నేను లేచి వసారాలోకి పోయి కూర్చున్నాను. "ఏంది అత్తా, ఒంట్లో బాగలేదా?" అని కోడలు నీళ్లచెంబు పట్టుకొని వెంట వచ్చింది. ఒంట్లో బాగానే ఉంది. కలరా ఉండల వాసన వస్తే నాకొక మనిషి గుర్తొస్తుంది, అంతే. ఆ మనిషి పోయి ఎన్నేళ్లయినా గుర్తొచ్చినప్పుడల్లా వాంతి వచ్చినంత పనవుతుంది. చచ్చిపోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదని నలుగురూ అంటారు. మంచి మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని నేనూ వెతికాను. దొరకలేదు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆమెను మేం మేట్రనమ్మ అనేవాళ్లం. పేరు ఉంది గానీ రాయను. అప్పట్లో మాది మద్రాసు రాష్ట్రం, కర్నూలు జిల్లా. మార్కాపురం దగ్గర పలకల గనులున్న పల్లె మాది. మా నాయన గనిలో రాయి చీల్చేవాడు. మా అక్క ఆ పలకరాళ్లను నెత్తిన పెట్టుకొని గుంతలోంచి గట్టు మీదికి మోసేది. చిన్నదాన్ని కాబట్టి నన్ను మాత్రం చదువుకోమని గిద్దలూరు దారిలో ఉన్న మిషన్ కాంపౌండుకు పంపించారు. అక్కడ ఒక చర్చి, ఒక బడి, దొరసాని బంగళా, ఆడపిల్లల బోర్డింగు ఉండేవి. బోర్డింగులో అన్నం దగ్గరనుంచి దువ్వెన దాకా పెత్తనమంతా మేట్రనమ్మదే.

పొట్టి మనిషి. మడత చెదరని తెల్లచీర, మోచేతుల దాకా జాకెట్టు, మెడలో నల్లతాడుకు తాళాల గుత్తి. తాళాలు మోగితే పిల్లలం నవ్వు ఆపేసేవాళ్లం. ఆమెకు పట్నం పొడుం అలవాటు. చిటికెడు తీసి రెండు ముక్కుల్లోనూ కూరి, కళ్లు మూసుకొని, తుమ్ము రాకుండా ఆపుకొనేది. పీల్చిన వేళ్లను తన చీరకు తుడుచుకొనేది కాదు. పక్కన ఏ పిల్ల ఉంటే ఆ పిల్ల భుజానికి తుడిచేది. తెల్లారి ప్రార్థనకు వరసలో నిలబడితే ఎవరి జాకెట్టు మీద గోధుమరంగు మరకలున్నాయో చూసి, నిన్న ఆమె పక్కన కూర్చున్నది ఎవరో చెప్పొచ్చు. కొంగుముడిలో ఎప్పుడూ రెండు కలరా ఉండలుండేవి. పొడుం, కలరా ఉండలు, చెమట, ఈ మూడూ కలిసిన వాసన ఆమెకంటే ముందే గదిలోకి వచ్చేది.

ఆమె గుంటూరు వైపు నుంచి వచ్చింది. మా మాట అంటే ఆమెకు రోత. "ఏంది" అన్నామంటే చెవి మెలిపెట్టి "ఏమిటి అనవే, అడవి మొహమా" అనేది. 'వచ్చినాడు, పోయినాడు' అంటే నోటి మీద కొట్టేది. మా అమ్మానాయనలు నెలకోసారి చూడ్డానికి వస్తే వాళ్లు మాట్లాడినంతసేపూ ముక్కు మీద కొంగు అడ్డం పెట్టుకొని నిలబడేది.

అన్నింటికంటే పెద్ద పిచ్చి ఆమెకు నడుముల పిచ్చి. రోజూ పొద్దున ప్రార్థన కాగానే వరస వెంబడి వచ్చి ఒక్కొక్క పిల్ల నడుమునూ రెండు చేతులతో పట్టి చూసేది. చల్లని, చెమ్మ చేతులు. బొటనవేళ్లు రెండూ బొడ్డు మీద ఆనించి, వెనక మధ్యవేళ్లు తగులుతాయా లేదా అని నొక్కేది. నొక్కేటప్పుడు ముక్కుతో ఏదో కీర్తన రాగం తీసేది. చిటికెనవేలికి గోరు పెంచుకొంది. వేళ్లు తగలకపోతే ఆ గోరు దిగేది. "నడుము అబద్ధం చెప్పదే" అనేది ఆమె. ఈ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నామో. అన్నం ఎక్కువ తిన్నా, ప్రార్థనలో కునికినా, మగపిల్లల బడివైపు చూసినా, అన్నీ నడుములోనే కనిపిస్తాయని ఆమె లెక్క. మా కూడులో మజ్జిగ మీది వెన్న తీసి తను తింటుందన్న సంగతి మాత్రం ఆమె నడుములో అందరికీ కనిపించేది. ఎవరూ నోరెత్తేవాళ్లం కాదు.

ఇక గౌన్ల సంగతి. దొరల దేశంలో భక్తిగల అమ్మలు తాము కట్టి విడిచిన బట్టలు పెట్టెల్లో సర్ది ఓడల మీద పంపించేవాళ్లు. అట్లా ఏ కాలంలోనో మూడు పెళ్లిగౌన్లు వచ్చాయి. మూడూ తెల్లవి. మా కాంపౌండులో జరిగే ప్రతి పెళ్లికీ వాటిలో ఒకటే దిక్కు. ఒక పెళ్లికూతురు చెమటలో తడిసిన గౌను నీళ్లలో జాడించి, గంజి పెట్టి, కలరా ఉండలు వేసి పెట్టెలో పెడితే, ఇంకో పెళ్లికూతురు తొడిగేది. చంకల దగ్గర పసుపు మరకలు చుట్టలు చుట్టలుగా ఉండేవి. వాటిని చూస్తే ఎంతమంది పెళ్లాడారో తెలిసేది. అయినా ఆ గౌను అంటే మా వాళ్లకు ప్రాణం. గూడెంలో పుట్టిన పిల్ల తెల్లగౌనులో, కాళ్లకు బూట్లతో, చర్చి ముందువాకిలి గుండా, గంట మోగుతుండగా నడుచుకొంటూ పోతుంటే పెద్దవీధి వాళ్లు గోడలెక్కి చూసేవాళ్లు. మా నాయనలాంటి వాళ్లకు ఆ ఒక్క నడక కోసమే పెళ్లి చెయ్యాలన్నంత ఆశ.

మూడు గౌన్లకూ నడుములు వేరు. ఒకదానికి నడుము కుట్టు ఉండవలసినచోటే, బొడ్డుకు సరిగ్గా ఉంటుంది. పైన బిగువు, కింద కుచ్చెళ్లు. దాన్ని మేట్రనమ్మ సరి నడుము అనేది. ఇంకోదానికి కుట్టు రొమ్ముల కిందే వచ్చి, అక్కడనుంచి బట్ట వదులుగా కాళ్ల దాకా జారిపోతుంది. అది పై నడుము. మూడోదాని కుట్టు తుంటి ఎముకల మీదికి దిగి ఉంటుంది. పై నుంచి కిందిదాకా గోనెసంచిలా నిలువుగా ఉండేది అదే. దాని పేరు జారు నడుము. ఆ పెట్టెతోపాటే ఒక బొమ్మల పుస్తకం కూడా వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం పెద్దపిల్లలను కూర్చోబెట్టుకొని ఆమె ఆ బొమ్మలు చూపించేది. అందులో నాలుగో రకం కూడా ఉంది. నడుము కుట్టు మధ్యలో మొనదేలి పొత్తికడుపు మీదికి దిగుతుంది. ఆ బొమ్మ కుట్టు వెంబడి మేట్రనమ్మ వేలు పోనిచ్చేది. "ఇది దొరసానుల కూతుళ్లకే. మీ మొహాలకు రాదు" అని పుస్తకం మూసేది.

బొమ్మలు చూపించడంతో ఆగి ఉంటే నేను ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని కాదు. ఆమె ఆ నడుములకు అర్థాలు పెట్టింది. సరి నడుము కన్యలకు. జారు నడుము మారుమనువు వాళ్లకు. పై నడుము, ఎవరి మీద అనుమానముంటే వాళ్లకు. కడుపు కనపడకుండా కప్పుతుంది కాబట్టి. ఇది పాస్టరయ్య చెప్పింది కాదు, దొరసానికి తెలిసింది కాదు, ఎక్కడా రాసింది కాదు. ఆమె నోటినుంచి బయలుదేరి ఒక్కో పెళ్లికీ ముదిరింది. నేను బోర్డింగుకు వచ్చేసరికి సంఘంలో గుడ్డి ముసలమ్మకు కూడా ఆ లెక్క తెలుసు. పెళ్లికూతురు వాకిట్లోకి రాగానే ఎవరూ మొహం చూసేవాళ్లు కాదు. అందరి కళ్లూ ముందు నడుము కుట్టు మీదికే పోయేవి. పై నడుము వేసుకొన్న పిల్ల ముందువాకిలి గుండా వచ్చినా, గంట మోగినా, ఆడవాళ్ల వైపు నుంచి "ఊఁ" అని ఒక మూలుగు వచ్చేది.

యుద్ధం రోజుల్లో మా అక్కకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు కొమరోలు వైపు పిల్లవాడు. కాంపౌండు బడిలో అయ్యవారి పని ఇస్తామన్నారు. తండ్రి లేడు, తల్లి ఉంది. మెత్తని మనిషి మా బావ. అక్కను గనుల దగ్గర రాళ్లు మోస్తుండగా చూసి, ఈ పిల్లనే చేసుకొంటానని తల్లితో చెప్పాడట. పెళ్లికూతుళ్లు పెళ్లికి ముందు బోర్డింగులో ఉండి మేట్రనమ్మ దగ్గర ఒద్దిక నేర్చుకోవాలని రివాజు. అక్క ఒక గుడ్డమూటతో వచ్చింది. నా పక్కనే చాప వేసుకొంది. గౌను తొడుక్కొంటానన్న సంబరంతో ఆ రాత్రి నిద్రపోలేదు.

మర్నాడు మేట్రనమ్మ గదిలో పెట్టె తెరిచింది. నన్ను గౌను అంచు నేలకు తగలకుండా పట్టుకోమంది. అక్కకు సరి నడుము తొడిగింది. వెనక హుక్కులు మెడ దగ్గరనుంచి వరసగా పడుతూ వచ్చి నడుము దగ్గర ఆగిపోయాయి. మధ్యలో నాలుగు వేళ్ల సందు.

"ఊపిరి బిగబట్టు" అంది.

అక్క బిగబట్టింది. మేట్రనమ్మ మోకాలు అక్క వీపుకు ఆనించి, పళ్లు కొరుకుతూ లాగింది. పడలేదు. అక్క ఒళ్లు నాకు తెలుసు. చిన్నప్పటినుంచి బరువు మోసిన ఒళ్లు. మెడ నుంచి తుంటి దాకా ఒకటే కొలత. చేయి వేస్తే గోడ మీద వేసినట్లుండేది. మేట్రనమ్మ గౌను విప్పించింది. ఆ చెమ్మచేయి అక్క పొట్ట మీద పరిచి, గోరుతో బొడ్డు కింద నొక్కింది.

"ఎన్నో నెల?"

అక్కకు అర్థం కాలేదు. "ఏంది?" అంది.

"ఏంది కాదు, ఏమిటి అనాలి. ఎన్నో నెలే?"

అక్క మొహం నల్లబడిపోయింది. "మీరు ఏం మాట్లాడతాండారమ్మా? నేను రాళ్లు మోసేదాన్ని. నా నడుము మొదట్నుంచీ ఇట్లనే ఉండాది. కావాలంటే మా అమ్మను అడగండి."

"అందరూ ఇదే చెబుతారు. నడుము అబద్ధం చెప్పదు."

నా నోరు ఊరుకోలేదు. "పక్కల కుట్టు వదిలితే సరిపోతాది గదమ్మా" అన్నాను.

మేట్రనమ్మ పొడుం డబ్బీ తీసి, చిటికెడు పీల్చి, వేళ్లు నా భుజానికి తుడిచింది. "లోపల గుడ్డ లేదు. దొరల దేశంలో నీలాంటి వాళ్ల కోసం గుడ్డ దండగ చెయ్యరు" అంది. బయట గుడ్డ కొని అతుకుదామంటే యుద్ధం. రేషన్‌లో ఇచ్చే కంట్రోలు గుడ్డ చీరకే చాలేది కాదు, ఇక ఆ తెలుపు, ఆ మెరుపు ఎక్కడ దొరుకుతుంది?

ఆ రోజునుంచి అక్కకు గంజి తప్ప ఏమీ పెట్టలేదు. పెద్దపిల్లలు సద్దరొట్టె తింటుంటే అక్క గంజిగిన్నె పట్టుకొని ఎదురుగా కూర్చొనేది. మొహం పీక్కుపోయింది, మెడ ఎముకలు తేలాయి, నడుము మాత్రం రవ్వంత దిగలేదు. మేట్రనమ్మ రోజూ పొద్దున వచ్చి పట్టి చూసి, కీర్తన రాగం తీసి, పోయేది. చివరికి పెట్టెలోంచి పై నడుము తీసి కొక్కేనికి తగిలించింది. బోర్డింగు పిల్లలు దాన్ని చూశారు. ఆ సాయంత్రానికి కాంపౌండంతా పాకింది.

కబురు విని నాయన వచ్చాడు. చేతుల నిండా పలకరాతి దుమ్ము, కడుక్కోకుండానే వచ్చినాడు. వేపచెట్టు కింద కూర్చొని అక్కను ఒక్క మాట కూడా అడగలేదు. అడగవలసిన అవసరం ఆయనకు లేదు.

"గౌను వద్దు నాయనా, చీరలో చేసేయండి" అంది అక్క.

"చీరలో అంటే ఎనకవాకిలి పెండ్లి. గంట కొట్టరు, సాయంత్రం పూట కానిచ్చేస్తారు. తప్పు ఒప్పుకొన్నోళ్లకు చేసేది అది" అన్నాడు నాయన. "ఆ గౌనేస్తే అనుమానం, ఎయ్యకపోతే రుజువు. నేనేం చేసేది చెప్పు బిడ్డా."

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. కొత్త దొరసాని బంగళాలో ఉంది కదా, ఆమె మాట మేట్రనమ్మ మీద నడుస్తుంది కదా, ఆమెకు చెబితే సరి అనుకొన్నాను. అక్కను చెయ్యి పట్టుకొని బంగళాకు తీసుకుపోయాను. దొరసాని వయసులో ఉన్న మనిషి, మంచి మనిషి. పుస్తకంలో నేర్చుకొన్న తెలుగు మాట్లాడేది. మేం మెట్లెక్కేసరికి మేట్రనమ్మ వెనకనుంచి తాళాలు మోగించుకొంటూ రానే వచ్చింది. ఒక చేతి మీద సరి నడుము, ఇంకో చేతి మీద పై నడుము.

ఆ మాట, కడుపు మాట, దొరసాని ముందు ఎట్లా అనేది? "మా అక్కకు సరి నడుము కావాల దొరసానమ్మా" అని మాత్రం అనగలిగాను.

దొరసాని నవ్వింది. రెండు గౌన్లూ తీసుకొని ఒకదాని తర్వాత ఒకటి అక్క ఒంటి మీద ఆనించి చూసింది. కొంచెం వెనక్కి పోయి తల పక్కకు వంచింది. "మీ అక్క విశాలమైన దేహము గలది. ఈ సరి నడుము ఆమెకు ఇరుకుగా ఉండును. ఈ పై నడుము బహు సొగసుగా ఉండును. నా స్వంత చెల్లెలు వివాహమునకు ఇట్టిదే ధరించెను" అని చప్పట్లు కొట్టింది. అక్క బుగ్గ నిమిరింది.

"విన్నావుగా, దొరసానిగారే అన్నారు" అంది మేట్రనమ్మ. ఆమె మొహంలో అప్పుడు కనిపించిన తృప్తి, పొడుం పీల్చి తుమ్ము ఆపుకొన్నప్పటి తృప్తే. దొరసానికి ఆ గౌను అంటే ఏమిటో ఆమె చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ మంచిమనిషి ఆ గౌను అక్కడే చింపి పారేసేదని ఆమెకు తెలుసు. తెలిసీ, చేతులు కట్టుకొని, తల వంచుకొని, "చిత్తం అమ్మా" అంది.

పెళ్లినాడు గంట మోగింది. ముందువాకిలే. బూట్లూ ఇచ్చారు. అక్క నాయన చెయ్యి పట్టుకొని లోపలికి అడుగుపెట్టింది. దొరసాని మాట నిజమే, ఆ గౌను అక్కకు ఎంత బాగుందో. భుజాలు విశాలంగా, మెడ నిటారుగా, రొమ్ముల కిందనుంచి తెల్లబట్ట కాళ్ల దాకా జారుతూ. అంత అందంగా అక్కను నేను మళ్లీ చూడలేదు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి "ఊఁ" వచ్చింది. బావ వాళ్ల అమ్మ ముందు వరసలో ఉంది. ఆమె కళ్లు కుట్టు మీద ఆగాయి. పక్కనున్నామె ఆమె చెవిలో ఏదో చెప్పింది. బావ వాళ్ల అమ్మ నెత్తిమీది కొంగు మొహం మీదికి లాక్కొంది. నాయన తల దించుకొన్నాడు. అక్క నడక మాత్రం మారలేదు. నెత్తిన రాయి ఉన్నప్పుడు ఎట్లా నడిచేదో అట్లాగే నడిచింది.

చర్చి మూలన మేట్రనమ్మ తన పనికి మురిసిపోతూ కళ్లు మూసుకొని పాడుతోంది.

మూడు ఈస్టరు పండగలు పోయాక గానీ అక్కకు బిడ్డ పుట్టలేదు. అంతకంటే రుజువు ఏం కావాలి? అయినా మా అక్క అత్త నమ్మలేదు. "ఆ కాన్పు ఏమైనాదో, యాడ పారేసినారో" అనేది. కుండ పగిలినా, కూర మాడినా "పై నడుమోళ్లకు పనెట్ల వస్తాది" అనేది. బావ తల్లిని గద్దించేవాడు, అయినా ఆమె ఆగేది కాదు. నీళ్ల దగ్గర ఆడవాళ్లు అక్కకు పెట్టిన పేరు కూడా అదే, పై నడుము పిల్ల. బిడ్డను చంకనెత్తుకొని పోతున్నా అదే పేరు. నేను సెలవులకు పోయినప్పుడు అక్క ఒకసారి అడిగింది. "నా మీద పడింది పోవాలంటే ఏం చెయ్యాలే చెల్లీ? రాయైతే దించుకొంటా."

అక్క కాపురం కాంపౌండులోనే కాబట్టి మేట్రనమ్మ రోజూ ఎదురుపడేది. ఏమీ జరగనట్లే "బాగున్నావా అమ్మాయ్" అని నవ్వేది, నవ్వి నడుము వైపు చూసేది. పాతికమంది ఆడపిల్లల బతుకుల మీద ఉమ్మేసిన మనిషి అంత హాయిగా ఎట్లా నిద్రపోయేదో నాకు తెలియదు. గురకపెట్టి మరీ నిద్రపోయేది.

యుద్ధం అయిపోయాక, తెల్లదొరలు ఇంకా పూర్తిగా పోకముందు, ఆమె పోయింది. నేను అప్పటికి కంభంలో టీచరుగా చేరాను. కబురు వస్తే బయలుదేరాను, ఆమె కోసం కాదు, అక్కను చూసినట్లుంటుందని. శవానికి స్నానం చేయించడానికి కాంపౌండులో ఎప్పుడూ అక్కనే పిలిచేవాళ్లు. బరువైన ఒళ్లు పక్కకు తిప్పాలంటే రెక్కల్లో సత్తువ కావాలి. నేను పోయేసరికి గదిలో బల్ల మీద మేట్రనమ్మ ఉంది, పక్కన అక్క చీర ఎగదోపి నిలబడి ఉంది. బతికినన్నాళ్లూ మాకు దక్కని వెన్నంతా ఆ పొట్టలో ఉంది. గదిలో అదే వాసన.

"నన్ను సరి నడుములో పెట్టండి" అని మేట్రనమ్మ పాస్టరయ్య దగ్గర మాట తీసుకొందట. పెళ్లి చేసుకోని మనిషి, ఆ గౌనులోనే దేవుడి దగ్గరికి పోతానందట. అక్క, నేను కలిసి తొడిగాము. హుక్కులు నడుము దగ్గర ఆగిపోయాయి. సరిగ్గా అక్కకు ఆగినచోటే, కాకపోతే సందు ఇంకాస్త ఎక్కువ.

నేను పెట్టెలోంచి పై నడుము తీశాను. "ఇదెయ్యి" అన్నాను. "సంఘమంతా చూడాల. ఆమె లెక్క ఆమెకే అప్పజెబుదాం."

అక్క గౌనును చూసింది, శవాన్ని చూసింది. ఆ గౌను వేసి ఉంటే నాకు ఎంత సంతోషమయ్యేదో చెప్పలేను. అక్క సరి నడుమును తిరగేసి కత్తెర తీసుకొంది. పక్క కుట్టు దారం ఒకటి తెంపింది. ఇంకోటి తెంపింది. అక్కడ చెయ్యి ఆగింది.

"చెల్లీ, ఇట్ల రా."

కుట్టు లోపల గుడ్డ మడిచి ఉంది. ఈ పక్క నాలుగు వేళ్ల వెడల్పు, ఆ పక్క నాలుగు వేళ్ల వెడల్పు. ఎండ తగలని గుడ్డ, చెమట తగలని గుడ్డ, వచ్చిననాటి తెలుపు అట్లాగే ఉంది. కుట్టినామె ఎవరో, ఏ దేశంలోనో, ఏ ఒళ్లయినా పడుతుందిలే అని వదిలిపెట్టిన గుడ్డ. మడత మీద పాత సూదిబెజ్జాలు వరసగా ఉన్నాయి. అంటే అంతకుముందు ఎవరికో ఒకరికి వదిలారు, మళ్లీ బిగించారు. తాళం ఎప్పుడూ ఒక్కరి మెడలోనే ఉండేది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మొహం మీద కొట్టాలనిపించింది, చచ్చిన మొహమైనా సరే. అక్క ఆ తెల్లగుడ్డను బొటనవేలితో నిమిరింది. "ఈడనే ఉండాది" అంది. "నేను గంజి తాగినన్నాళ్లూ ఈడనే ఉండాది." తర్వాత రెండు పక్కలా మడతలు వదిలి, కొత్త దారంతో కుట్టి, హుక్కులు పెట్టింది. పడ్డాయి.

"ఎందుకే?" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

"పై నడుమేస్తే, ఆ గౌనుకు ఆ అర్థం ఉండాదని నేనూ ఒప్పుకొన్నట్లే గదా" అంది అక్క.

చర్చిలో శవపెట్టె మూత తీసిపెట్టారు. సంఘమంతా వరసగా వచ్చి చూసిపోతున్నారు. అలవాటు పోతుందా, అందరి కళ్లూ ముందు నడుము మీదికే. అక్క అత్త పెట్టె దగ్గర ఆగి, కొంగుతో కళ్లొత్తుకొని, అందరికీ వినపడేలా అంది. "సూడండి తల్లీ, ఈ వయసులో గూడా సరి నడుము ఎంత బాగ కుదిరినాదో. ఆడదంటే ఆమె. నడుము అబద్ధం చెప్పదు."

ఆడవాళ్లందరూ తలలూపారు.

అక్క నా పక్కనుంచి లేచింది. పెట్టె దగ్గరికి పోయి, అత్త చెయ్యి పట్టుకొని, శవం నడుము పక్కన కుట్టు మీద పెట్టింది. "తడిమి చూడు అత్తా. పచ్చి కుట్టు. పొద్దున నేను వేసింది. ఈ పక్క నాలుగు వేళ్లు, ఆ పక్క నాలుగు వేళ్లు గుడ్డ వదిలితే పట్టినాది. ఆ గుడ్డ నా పెండ్లినాడు గూడా లోపలే ఉండె. ఎవరికైనా వదలొచ్చు. మాకు వదల్లేదు."

గొంతు పెంచలేదు. అయినా చివరి వరసలో ఉన్న బావ దాకా వినపడింది. అత్త వేళ్లు కుట్టు వెంబడి పైకి పోయాయి, కిందికి వచ్చాయి, దారం ముడి దగ్గర ఆగాయి. ఆమె తలెత్తి మా అక్క మొహం చూసింది. ఆ పెళ్లి జరిగినప్పటినుంచి ఆమె అక్క మొహాన్ని నేరుగా చూడటం అదే మొదలు. తర్వాత పెట్టెలోంచి చెయ్యి తీసి, ఏదో అంటుకొన్నట్లు చీరకు గట్టిగా తుడుచుకొంది. తుడిచి, మళ్లీ తుడిచింది.

వెనక వరసలో పై నడుములో పెళ్లయిన ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో, ఒక్కొక్కరే లేచి పెట్టె దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఒకరి తర్వాత ఒకరు వంగి, ఆ కుట్టు తడిమి, పోయారు.

పాస్టరయ్య పాట ఎత్తుకొన్నాడు. నాకు పాట రాలేదు. చర్చిలో ఉమ్మకూడదు కాబట్టి బయటికి వచ్చి ఉమ్మాను.